సుడి తిరిగిన గీతలు

రాతి దగ్గర మోకాళ్ళూనే ముందు గిస్లేన్ చేతిలోని సుత్తిని వెనక్కి, చేతనైనంత దూరం విసిరింది. అది నాచు మీద చప్పుడు లేకుండా పడింది. ఇనుము పక్కనుంటే దిక్సూచి ముల్లు అటు మొగ్గుతుంది కనక రాళ్ళు చదివే వాళ్ళంతా చేసే పనే ఇది. కానీ గిస్లేన్ అంతటితో ఊరుకోలేదు. కోటు జేబులు తడుముకుంది. నడుము చుట్టూ తడుముకుంది. టోపీకి కుట్టిన దోమతెర అంచులో తీగ ఏమన్నా ఉందేమోనని వేళ్ళతో నొక్కి చూసింది.

"కుకుమ్, ఇంక పళ్ళు కూడా ఊడదీసి పారేస్తావా ఏంటి?" అన్నాడు రెజాన్. తుపాకీ భుజాన వేసుకుని, ఎలుగుబంటి వస్తే చూడటానికి కాస్త ఎత్తున నిలబడి ఉన్నాడు. ఆ మకాంలో వంటవాడూ అతనే, పడవ నడిపేదీ అతనే. ఇన్నూ జాతివాడు. వాళ్ళ భాషలో అమ్మమ్మను పిలిచే మాటతోనే గిస్లేన్ రోబిడూని పిలవటం మొదటి రోజు నుంచే మొదలుపెట్టాడు.

"పళ్ళు పింగాణీవి. వాటి జోలికి ముల్లు రాదు."

"అమ్మయ్య. వాటితో పనుంది. మధ్యాహ్నం బఠాణీ సూపు, గట్టి రొట్టె."

గిస్లేన్ నవ్వి రాతి మీదికి వంగింది. తడిసిన తెల్లటి పలుగురాయి. దాని చెంప మీద గుర్రపు తోకను విప్పి పరిచినట్టు సన్నని గాళ్ళు ఒక కొన దగ్గర పుట్టి విచ్చుకుంటూ దిగాయి. ఆకాశం నుంచి కొండంత రాయి వచ్చి నేలను కొడితే తప్ప రాతికి ఇలాంటి శంకువు ఏర్పడదు. ఆ కొన ఎటు చూస్తే దెబ్బ అటు నుంచి వచ్చినట్టు. తర్వాత ఎప్పుడో నేల ఒరిగిపోయి ఉంటుంది కాబట్టి రాతి పొరల వాలు కూడా కొలిచి, లెక్కలో ఆ పొరల్ని మళ్ళీ బల్లపరుపుగా పడుకోబెట్టాలి. అప్పుడు గట్టు చుట్టూ ఉన్న శంకువులన్నీ ఒకే చోటికి వేలెత్తి చూపించాలి. మోరెల్ సరస్సు నడిమికి.

శంకువు వెన్ను వెంబడి ఆమె ఒక వెదురు అల్లికపుల్లని ఆనించింది. ఊపిరి బిగబట్టి పుల్లని చూసింది. పుల్ల సరస్సు వైపే చూస్తున్నట్టు అనిపించింది. సరస్సు ఇక్కడికి కనబడదు. మధ్యలో దట్టంగా స్ప్రూస్ చెట్లు, వాటి మీదికి దిగిన పొగమంచు. అయినా ఉదయం నుంచీ దిగివచ్చిన దారి ఒంటికి గుర్తుంటుంది కదా. అటే.

ముల్లు మాత్రం వేరే చెప్పింది.

ఆమె దిక్సూచిలోని మట్టపు బుడగని నడిమికి తెచ్చి మళ్ళీ చూసింది. చెయ్యి మార్చి మళ్ళీ చూసింది. ముల్లు చెప్పిన అంకెనే పైకి చదివి, అదే రాసుకుంది. కంటికి తనకు కావలసిందే కనబడుతుంది, ముల్లుకి కోరికలుండవు అని ఎంతమంది పిల్లలకు చెప్పిందో. తన దగ్గరకొచ్చేసరికి మాట మార్చటమెలా?

"ఏమైంది, మొహం అలా పెట్టావు?"

"ఏం లేదు. ఈగలు."

నల్ల ఈగలు నిజంగానే తెర మీద ముసురుకుని ఉన్నాయి. రెజాన్ వెనక్కి వెళ్ళి నాచులోంచి సుత్తి తీసుకొచ్చి, ఆమె దిక్సూచి మూసేదాకా దూరంగానే పట్టుకుని నిలబడ్డాడు.

మకాంకి వచ్చేసరికి పెద్ద గుడారంలో నొయెమీ ఒక్కతే కూర్చుని ఉంది. పొయ్యి మీద కెటిల్ బుసలు కొడుతోంది. ఈ పరిశోధనంతా నొయెమీ ఆర్సెనోది. ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు రావాలి, ఏ రాయి ప్రయోగశాలకు పంపాలి, అన్నీ ఆమె మాట ప్రకారమే. ఒకప్పుడు గిస్లేన్ క్లాసులో ముందు వరసలో కూర్చునే పిల్ల. ఇప్పటికీ మేడమ్ అనే పిలుస్తుంది.

"మేడమ్, టీ తాగుతారా?"

"ముందు విషయం చెప్పు. నువ్వు టీ పోశావంటే ఏదో ఉంది."

నొయెమీ కప్పు ఆమె ముందు పెట్టి, టాబ్లెట్ తెరని ఇటు తిప్పింది. "ఇవి పోయినేడు వచ్చిన పిల్లలు ఉత్తరపు గట్టున కొలిచినవి. చూడండి, అన్నీ నడిమికే. ఇవి మీవి."

తెర మీద ఒక వలయం, అందులో ఎర్ర బాణాలు. అగ్గిపెట్టె జారిపడి పుల్లలు చెదిరినట్టున్నాయి.

"ఒక్కటీ నడిమికి పోవటం లేదు" అంది గిస్లేన్.

"లేదు మేడమ్."

"పొరల వాలు లెక్కలో సరిగ్గా వేశావా?"

"వేశాను. తీసి మళ్ళీ వేశాను. మీ అల్లికపుల్ల ఉక్కుదేమోనని అది కూడా చూశాను. ఏమీ అనుకోకండి, మీరు స్నానానికి వెళ్ళినప్పుడు."

"వెదురుది."

"చూశాను."

నొయెమీ తన టీ కప్పుని రెండు చేతుల మధ్యా తిప్పుతూ, తిప్పుతూ, "గురువారం యూబేర్ విమానంలో సరుకులు తెస్తున్నాడు" అంది. "పోయేటప్పుడు విమానం ఎలాగూ ఖాళీ."

గిస్లేన్‌కి అర్థమయింది. "ఖాళీ పీపాలతో పాటు నన్నూ వేసి పంపుతావన్నమాట."

"అలా అనకండి మేడమ్. ఈ తడి, ఈ ఈగలు, ఆ బండలెక్కడం. మీ మోకాళ్ళు..."

"కొలిచేది మోకాళ్ళతో కాదు కదే."

నొయెమీ తల దించుకుంది. "ఈ కొలతలు నేను వ్యాసంలో వెయ్యలేను. ఇది ఉల్క తవ్వింది కాదు, మంచునది తొలిచిన గుంట అని ఇప్పటికే అంటున్నవాళ్ళున్నారు. వాళ్ళ నోటికి మనమే మాట అందించినట్టవుతుంది. మీ పేరు మాత్రం ఎక్కడికీ పోదు. కృతజ్ఞతల్లో వేస్తాను."

"సమాధి రాయి మీద కూడా వేస్తారు పేరు" అంది గిస్లేన్. అని, అన్నందుకు వెంటనే బాధపడింది. పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి.

నిజానికి గిస్లేన్‌కి కోపం రాలేదు. వస్తే బాగుండేది. కోపం తెచ్చుకోవాలంటే తన మీద తనకి నమ్మకం ఉండాలి. మెడలో వేలాడుతున్న కళ్ళద్దాల కోసం నిన్న పొద్దున గుడారమంతా వెతికింది. అక్క ఫెర్నాండ్‌కి కూడా ఇలాంటి చిన్న చిన్నవాటితోనే మొదలయింది. చివరికి ఒకరోజు, వెళ్ళొస్తానే అని చెయ్యి వదిలితే, "మళ్ళీ రండమ్మా, మీరెవరోగానీ మంచివారు" అంది ఆ అక్క. అది మొదలు గిస్లేన్ ప్రతి ఉదయం లేవగానే తనకి తాను పరీక్ష పెట్టుకుంటూనే ఉంది. ఈ సరస్సు గట్టు మీద ఆ పరీక్ష తప్పినట్టుంది. తను అనుకున్నదే, నొయెమీ మర్యాదగా చెబుతోంది. ఇక మీదట ఎవరూ తనని రాళ్ళ దగ్గరికి రానివ్వరు. రానివ్వకపోవటమే న్యాయం కూడా కావచ్చు.

"సరే" అంది. "గురువారమే వెళ్తాను."

బుధవారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. బయటి పనులు లేవు. నొయెమీ తార్పాలిన్ కింద కూర్చుని రాతి ముక్కలు కడిగి సంచుల్లో వేస్తోంది. రెజాన్ పొద్దున్నే వల తీసి తెచ్చిన ట్రౌట్ చేపలు శుభ్రం చేస్తున్నాడు. గిస్లేన్ తన గుడారంలో సంచి సర్దుకుంటోంది. విడిపోవటమంటే ఆమెకు ముందు రోజే మొదలవుతుంది. ఒక్కొక్క వస్తువూ తీసి మడత పెడుతున్నప్పుడు ఆ వస్తువుకీ ఈ చోటుకీ మధ్య ఉన్న ముడి విప్పుతున్నట్టే ఉంటుంది. తడి మేజోళ్ళు మడిచింది. స్వెట్టర్ మడిచింది. అరువు తెచ్చుకున్న దిక్సూచి పక్కన పెట్టింది. వెళ్ళేముందు నొయెమీకి ఇచ్చెయ్యాలి.

తన కొలతల్ని ఇలా చెదిరిన అగ్గిపుల్లల్లా వదిలేసి పోవటానికి మనసొప్పలేదు. తప్పయితే తప్పు, శుభ్రంగా ఉండాలి. మంచం మీద అట్టపలక పెట్టుకుని, సరస్సు పటం పరిచి, దాని మీద పలచటి కాగితం వేసి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. యంత్రం బాణాలన్నింటినీ ఒకే వలయంలో కుమ్మరించింది. గిస్లేన్ అలా కాకుండా, పాత అలవాటు ప్రకారం, ఏ రాయి కొలత ఆ రాయి ఉన్న చోటే వేస్తూ పోయింది. అంకె చదవటం, కోణమానిని తిప్పటం, పెన్సిల్‌తో సన్నటి గీత గీసి సరస్సు మీదుగా దాన్ని పొడిగించటం. ఉత్తరపు గట్టున మొదలుపెట్టి తూర్పు వైపుగా వచ్చింది. గుడారం బట్ట మీద వాన కొడుతూనే ఉంది.

తూర్పు గట్టు దాటే వేళకి ఒక వింత జరిగింది. అంకె చదవకముందే తర్వాతి గీత ఎటు పోతుందో పెన్సిల్‌కి తెలిసిపోతోంది.

గిస్లేన్ ఆగింది. పెన్సిల్ కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. గీతలన్నీ నడిమిని తప్పుతున్నాయి. కానీ అన్నీ ఒకే పక్కకి తప్పుతున్నాయి. ఒకే మేరకి తప్పుతున్నాయి. చుట్టూరా నుంచి వచ్చిన గీతలు నడిమికి చేరకుండా దాని పక్కనుంచి ఒరుసుకుంటూ పోతుంటే, మధ్యలో ఒక గుండ్రటి ఖాళీ ఏర్పడింది. పసిపిల్ల నడినెత్తిన వెంట్రుకలు తిరిగే సుడి ఉంటుందే, అచ్చం అలా.

"ముసలి చెయ్యి తప్పితే నాలుగు దిక్కులా తప్పుతుంది" అంది పైకే. గుడారంలో ఎవరూ లేరు. "ఇంత వరసగా తప్పటం ఏ ముసలిదాని తరం?"

ఆ మాట వెనకే భయం వచ్చి కూర్చుంది. ఇదీ కంటికి కావలసినది కనబడటమేనేమో. కాగితం తడవకుండా మడిచి కోటు లోపల పెట్టుకుని, దిక్సూచి పట్టుకుని, చెప్పులతోనే వానలోకి వెళ్ళింది. రేవు చెక్కల చివరకు వెళ్ళి నిలబడితే సరస్సులో ఒక బండ కనబడుతుంది. రేవూ, బండా రెండూ పటంలో ఉన్నాయి. ఒకదాని నుంచి ఇంకొకటి ఏ దిక్కున ఉందో పటం చెబుతుంది. దానికి రాతి పొరలతో పని లేదు, శంకువులతో పని లేదు, ముసలితనంతో పని లేదు. గిస్లేన్ దిక్సూచి మూతకున్న అద్దంలోంచి బండను చూసి, ముల్లు నిలబడేదాకా ఆగింది.

పటం చెప్పిన దిక్కు అది కాదు. తేడా ఎంతో చూస్తే, సుడిలో గీతలు నడిమిని తప్పుతున్నంత.

అప్పుడు దిక్సూచి మూత పూర్తిగా తెరిచి, దాని అంచునున్న చిన్న మరను మొదటిసారి చూసింది. ముల్లు చూపే ఉత్తరం వేరు, అసలు ఉత్తరం వేరు. ఆ తేడా చోటుని బట్టి మారుతుంది. ఈ తూర్పు ప్రాంతంలో ముల్లు అసలు ఉత్తరానికి ఎడమకి ఒరుగుతుంది. కాబట్టి కొత్త చోట దిగగానే ఎవరైనా మొట్టమొదట చేసేది ఆ మర తిప్పి, అంకెల చక్రాన్ని ఆ చోటికి తగ్గట్టు జరపటం. ఈ చక్రం మాత్రం దానికి అవతలి పక్కకి జరిగి ఉంది. ముల్లు కుడికి ఒరిగే చోటికి తగ్గట్టు. ఇక్కడికి వచ్చేముందు నొయెమీ పడమటి ప్రాంతంలో పనిచేసి వచ్చింది.

వాన చినుకులు గాజు మీద పడి జారుతుంటే గిస్లేన్ అక్కడే నిలబడిపోయింది. ఇక్కడ దిగిన రోజు తన సొంత దిక్సూచి కోటు జేబులోంచి జారి నీళ్ళ మీద తేలే విమానపు పాదం మీద పడి పగిలింది. ఏళ్ళ తరబడి వెంట ఉన్న వస్తువు. నొయెమీ తన నడుము నుంచి ఇది విప్పి, ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "ఇది మీ చేతిలో ఉంటే నాకు గౌరవం మేడమ్" అంది. అరువు దిక్సూచి చేతికొస్తే ముందు మర చూడాలని ఎంతమందిని తిట్టి నేర్పిందో. కానీ ఆ పిల్ల ఎదుటే మూత తెరిచి మర చూడటమా? భోజనానికి పిలిచిన ఇంట్లో కంచం పెట్టగానే దాన్ని కొంగుతో తుడుచుకున్నట్టుండదూ? చూడలేదు. నడుముకి తగిలించుకుంది. నొయెమీ సంగతీ తెలుస్తూనే ఉంది. మేడమ్ చేతికిస్తున్నాం, మేడమ్ ముందు చూసుకునేది మరనే కదా, తను తిప్పి ఇస్తే మేడమ్‌కి తెలియదన్నట్టు కాదూ?

ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నారు, మరను మాత్రం ఎవరూ తిప్పలేదు.

తార్పాలిన్ కిందికి వచ్చేసరికి ఆమె జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో కుకుమ్, చేపలు పట్టటం నా పని కదా, నువ్వెందుకు మునిగావు?" అన్నాడు రెజాన్.

"నొయెమీ, చేతులు తుడుచుకో" అంది గిస్లేన్. "ఇది చూడు. మాట్లాడకు. ముందు చూడు."

నొయెమీ తడి చేతులు ప్యాంటుకి రాసుకుని కాగితం విప్పింది. చాలాసేపు చూసింది. ఆమె వేలు గీతల వెంబడి ఒకసారి గుండ్రంగా తిరిగొచ్చింది. గిస్లేన్ దిక్సూచి మూత తెరిచి పక్కన పెట్టింది. అంతే, ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నొయెమీ మరను చూసింది.

"నేను తిప్పలేదు" అంది మెల్లిగా. "మీరు తిప్పుకుంటారని..."

"నువ్వు తిప్పే ఉంటావని నేను."

"తప్పు నాది."

"నీది సగం. నాది సగం. తగువు తర్వాత పెట్టుకుందాం."

గిస్లేన్ ఎదురుచూసింది. పిల్ల లేచి కౌగిలించుకుంటుందనుకుంది. నొయెమీ లేవలేదు. కాగితం మీదే చూపు పెట్టి, కష్టంగా, ఒక్కొక్క మాటే తీసి, "మేడమ్, జవాబు తెలిశాక లెక్క దిద్దకూడదని మాకు చెప్పింది మీరే" అంది.

"చెప్పాను."

"ఇప్పుడు వీటన్నింటినీ ఇంతమేర వెనక్కి తిప్పితే నడిమికి వస్తాయి. నిజమే. కానీ నడిమికి రావాలనే తిప్పామని అంటారు. వేరేవాళ్ళు ఇది తెచ్చి చూపిస్తే నేనే అంటాను. మర ఎప్పుడు జరిగిందో ఎవరు చూశారు? మీరు కొలిచేటప్పుడు ఇలాగే ఉందని ఎలా చెప్పగలం?"

గిస్లేన్‌కి వింతగా లోపల ఏదో వెచ్చబడింది. పిల్ల తన మీద జాలితో ఊరుకోలేదు. తనతో మాట్లాడవలసినట్టే మాట్లాడుతోంది.

"అయితే ఎవరూ కొలవని రాయి కొలుద్దాం" అంది. "దక్షిణపు కొన దగ్గర బండలున్నాయి, విమానంలోంచి చూశాం కదా. ఇంతవరకు ఎవరూ దిగలేదు. మర నువ్వే తిప్పు. కొలవటం నువ్వే కొలువు. నేను ముట్టుకోను, చూడను. పోయేదారిలో నా పాత రాయి కూడా ఒకటి కొలువు. అది నా అంకెకి సరిగ్గా ఈ సుడంత తేడాతో వచ్చి, కొత్తవి నడిమికి చూస్తే, అప్పుడు చెప్పు."

"చూడకపోతే?"

"పీపాల పక్కన నా సీటు ఉండనే ఉందిగా."

నొయెమీ రెజాన్ వంక చూసింది. "రేపు పొద్దున దక్షిణపు కొనకి పడవ వెళ్తుందా?"

రెజాన్ చేప తోక పట్టుకుని ఆకాశం వంక చూశాడు. "పెందలాడే అయితే వెళ్తుంది. ఎండెక్కాక గాలి లేస్తుంది. అప్పుడు వెళ్ళటం వెళ్ళొచ్చు, రావటమే ఉండదు." చేపని పెనంలోకి వదిలాడు. "మీ రాళ్ళు ఇన్ని కోట్ల ఏళ్ళు ఆగాయిగా. ఈ చేప ఆగదు. కూర్చోండి."

మర్నాడు ఉదయానికి వాన వెలిసింది. నీళ్ళ మీద పొగలా ఆవిరి లేస్తుంటే పడవ బయల్దేరింది. దారిలో పాత రాయి దగ్గర ఆగినప్పుడు గిస్లేన్ దిగనే లేదు. నొయెమీ వచ్చి ఏమీ చెప్పకుండా కూర్చుంది. గిస్లేన్‌కి అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

దక్షిణపు కొన దగ్గర బండలు గట్టు పొడుగునా పరుచుకుని ఉన్నాయి. మేలైన పలుగురాయి. దిగుతూనే గిస్లేన్ కంటికి శంకువులు కనబడ్డాయి. ఆమె గబుక్కున మొహం తిప్పుకుని, బండలకి వీపు పెట్టి, పడిపోయిన మాను ఒకటి చూసుకుని దాని మీద కూర్చుంది.

"గోడ కుర్చీ వేయించుకున్న పిల్లలా ఉన్నావు" అన్నాడు రెజాన్.

"మాట్లాడకు. ఆ పిల్ల కొలత తప్పుతుంది."

వెనక నుంచి చప్పుళ్ళు వినబడుతున్నాయి. సుత్తి దూరంగా పడిన చప్పుడు. మూత తెరిచిన చప్పుడు. మోకాలు రాతి మీద రాపాడటం. చాలాసేపు ఏమీ లేకపోవటం. ఆ ఏమీ లేకపోవటమే అన్నింటికన్నా కష్టంగా ఉంది. బుడగ నడిమికి రావటానికి అంతసేపు పడుతుందని ఆమెకు తెలుసు. తెలిసినా వేళ్ళు ఒకదానిలో ఒకటి మెలిపెట్టుకుంటూనే ఉన్నాయి. ఒక శంకువు దగ్గర నుంచి నొయెమీ ఇంకొక దాని దగ్గరికి జరిగింది. అక్కడి నుంచి ఇంకొకదానికి. ఈగలు గిస్లేన్ మణికట్టు మీద వాలి కుడుతున్నా ఆమె చెయ్యి విదిలించలేదు.

అప్పుడే దూరంగా విమానం చప్పుడు వచ్చింది. పొరపాటు లేదు, యూబేర్ విమానమే. చెట్ల మీదుగా వచ్చి, సరస్సును ఒక చుట్టు చుట్టి, మకాం వైపు దిగింది. ఇంజను ఆగిపోయాక నిశ్శబ్దం ఇంకా పెద్దదయింది. నొయెమీ లేచిన అలికిడి లేదు. తర్వాత పెన్సిల్ కాగితం మీద గీసిన సన్నటి చప్పుడు. ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

"మేడమ్, ఇలా రండి."

"ముట్టుకోనన్నాను."

"ముట్టుకోకండి. చూడండి."

గిస్లేన్ లేచి వచ్చింది. బండ మీద పటం పరిచి ఉంది. దక్షిణపు కొన నుంచి కొత్త గీతలు సరస్సులోకి వెళ్ళాయి. ఒకటి కాస్త ఇటు, ఒకటి కాస్త అటు, రాతికీ దాని చిన్న చిన్న పిచ్చి ఉంటుంది కదా. కానీ అన్నీ నడిమికే. నొయెమీ వేలితో ఇంకొక చోట చూపించింది. దారిలో కొలిచిన పాత రాయి. గిస్లేన్ అంకె పక్కన నొయెమీ అంకె. రెంటి మధ్యా సుడంత తేడా.

"మీ కొలతలు ఎంత బాగున్నాయో తెలుసా?" అంది నొయెమీ. "తిప్పి చూస్తే పోయినేటి పిల్లలవి కూడా ఇంత దగ్గరగా లేవు. మీ చేతికేమీ కాలేదు మేడమ్. మీకేమీ కాలేదు."

గిస్లేన్ అక్కడే బండ మీద కూర్చుండిపోయింది. పక్కనే ఒక పెద్ద శంకువు, దాని గాళ్ళలో నిన్నటి వాన నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. అరచెయ్యి దాని మీద వేసింది. చల్లగా, గరుగ్గా ఉంది. ఆ పొద్దున కళ్ళద్దాల కోసం తడుముకుంటే తడుముకుంది. ఎవరు తడుముకోరు?

"కన్ను సరస్సు వైపే చూపించింది నాకు" అంది. "మొదటి రోజు నుంచీ."

"చెప్పలేదేం?"

"ముల్లు కాదంది. నాకే మతి తప్పుతోందనుకున్నాను."

నొయెమీ ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. రెజాన్ గట్టు మీంచి, "గాలి లేస్తోంది! ఏడిస్తే పడవలో ఏడవండి!" అని కేకేశాడు.

మకాం రేవులో యూబేర్ అప్పటికే సరుకులు దించి ఖాళీ పీపాలు ఎక్కించేశాడు. గిస్లేన్ సంచి కూడా గుడారం ముందు నుంచి తెచ్చి విమానం తలుపు దగ్గర పెట్టుకున్నాడు. "ఒక ప్రయాణికురాలని రేడియోలో చెప్పారు. ఎవరమ్మా? దారిలో వాతావరణం బాగా లేదు, తొందరగా రావాలి."

"ఒకరే" అంది నొయెమీ. "నేనే."

గిస్లేన్ ఆమె వంక తిరిగింది. "నువ్వెందుకు? మన పని మధ్యలో ఉంది. తప్పు సంగతి ప్రయోగశాల వాళ్ళకి మెయిల్ రాస్తే సరిపోదూ?"

"మీ గురించి వాళ్ళకి చెప్పింది మెయిల్లో కాదు మేడమ్." నొయెమీ చూపు దించలేదు. "ఫోన్‌లో చెప్పాను. మొన్న. ఆవిడకి వయసైపోయింది, ఇక కుదరదు అన్నాను. వాళ్ళు పాపం అన్నారు. నేను కూడా పాపం అన్నాను. నోటితో అన్నది నోటితోనే వెనక్కి తీసుకోవాలి, వాళ్ళ మొహాలు చూస్తూ. మర నాది, నేను తిప్పలేదు అని. వ్యాసంలో మీ పేరు ఎక్కడుండాలో కూడా అక్కడే చెబుతాను. రాళ్ళ సంచులు ఎలాగూ ప్రయోగశాలకు చేర్చాలి. వచ్చే గురువారం మళ్ళీ ఇదే విమానంలో వస్తాను. అంతవరకు మకాం, దిక్సూచి మీ చేతిలో."

గిస్లేన్ పిల్ల కోటు జిప్పు పైదాకా లాగింది. "పొద్దుట్నించి ఏమీ తినలేదు నువ్వు. రెజాన్, ఆ రొట్టె కొంచెం కట్టివ్వు. చేప కూడా పెట్టు. నొయెమీ, బెల్టు గట్టిగా పెట్టుకో. ఆ యూబేర్ మాట్లాడుతూ నడుపుతాడు, మాట్లాడించకు."

"నేను ఇక్కడే ఉన్నాను" అన్నాడు యూబేర్.

"అందుకే వినబడేట్టు చెబుతున్నా."

నొయెమీ నవ్వింది. నవ్వుతూనే ఆమెను గట్టిగా పట్టుకుంది. తర్వాత రొట్టె మూట పట్టుకుని ఎక్కింది. తలుపు దగ్గర ఉన్న సంచిని యూబేర్ తిరిగి రేవు చెక్కల మీద పెట్టాడు. రెజాన్ తాడు విప్పి విమానాన్ని కాలితో తోశాడు. ఇంజను మొరాయించి, మొరాయించి, అందుకుంది. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న నొయెమీ మొహం కాసేపు కనబడింది. గిస్లేన్ కూడా చెయ్యి ఊపింది.

"కుకుమ్, ఇందులో ఏం పెట్టావు, సరస్సు గట్టంతా ఎత్తుకుపోతున్నావా?" రెజాన్ సంచిని ఎత్తి చూసి దించాడు.

"తడి మేజోళ్ళు. గుడారంలో పెట్టు, తీగ మీద ఆరేస్తాను. ఆగు, ముందు చెప్పు. మధ్యాహ్నానికి పడమటి గట్టు ఎలా ఉంటుంది? ఇటు గాలి లేస్తే అటు చాటుగానే ఉంటుంది కదా?"

"అటు కొండ అడ్డు. నీళ్ళు కదలవు."

"ఆ వైపు నావి రెండు మూడు రాళ్ళు అనుమానంగా వదిలేశాను. పొరల వాలు సరిగ్గా దొరకలేదు. ఇప్పుడు వెళ్తే?"

"ఇప్పుడా? అన్నం?"

"పడవలో తిందాం. పెనంలో చేప మిగిలిందిగా, రొట్టెలో పెట్టు."

రెజాన్ ఏదో గొణుక్కుంటూ వంట గుడారం వైపు వెళ్ళాడు. గిస్లేన్ పటం తీసి తడి తగలని సంచిలో పెట్టుకుంది. దిక్సూచి తెరిచి, అంచున మర చూసి, మూసి, నడుముకి తగిలించుకుంది. సుత్తి వెతికి తెచ్చుకుంది. పడవలో కూర్చుని మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని, రెజాన్ రొట్టెలు అందిస్తే అందుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ ఎంత ఆకలిగా ఉందో తెలియలేదు. పడవ గట్టు వదిలింది.

సగం దూరం పోయాక, రొట్టె పొడి ఒళ్ళోంచి దులుపుకుంటూ, ఆమె తలెత్తి ఆకాశం వంక చూసింది. ఆకాశంలో ఏమీ లేదు. ఎప్పుడు ఎవరు వెళ్ళినా చుక్కంత అయ్యి మాయమయ్యేదాకా చూస్తూ నిలబడే మనిషి. విమానం చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఈసారి గమనించనే లేదు.

"ఏంటి, ఏమన్నా మర్చిపోయావా?" అన్నాడు రెజాన్.

"లేదు" అంది గిస్లేన్. "కొంచెం ఎడమకి పోనీ. ఆ తెల్ల బండ దగ్గర దిగుదాం."